చెప్పాలా, దాచాలా? నయంకాని జబ్బున్న పిల్లలతో మాట్లాడే తీరుల్లో ఏది మేలు?

క్యాన్సర్‌కు ఇచ్చే కీమో ఇక పనిచేయడం లేదని డాక్టరు అమ్మానాన్నలను లోపలికి పిలిచి చెబుతారు. బయట కూర్చున్న పద్నాలుగేళ్ల బిడ్డకు ఏం చెప్పాలి?

మన ఇళ్లలో ఎక్కువమంది దాచేస్తారు. అది ప్రేమతో చేసేదే, కానీ దాగదు. పిల్లలు రిపోర్టులో మాటను ఫోన్‌లో వెతుక్కుంటారు. పక్క మంచం పిల్లాడు ఏమయ్యాడో చూసే ఉంటారు. ఊరినుంచి అత్తలూ మేనమామలూ ఒక్కసారిగా దిగి కళ్లు తుడుచుకుంటారు. తొమ్మిది, పదేళ్లకే చావంటే తిరిగిరాకపోవడమని చాలామంది పిల్లలకు తెలుసు. అమ్మ ఏడుస్తుందని తెలియనట్టే ఉంటారు, నొప్పి కూడా దాచుకుంటారు. అప్పుడు నొప్పి మందు మోతాదు సరిచేయడం కుదరదు.

క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న స్వీడన్ తల్లిదండ్రులపై ఒక అధ్యయనం 2004లో వెలువడింది. చావు గురించి బిడ్డతో మాట్లాడిన 147 మందిలో ఒక్కరూ మాట్లాడినందుకు బాధపడలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడనందుకు బాధపడ్డారు. బిడ్డకు తెలిసిపోయిందని గ్రహించీ నోరు విప్పనివారిలో ఆ బాధ మరింత ఎక్కువ. మిగతావారు బాధపడలేదన్నదీ నిజమే, అందుకే ఎవరినీ బలవంతపెట్టకూడదు.

రెండో దారి, డాక్టరు ఒక్కసారే కూర్చోబెట్టి అంతా చెప్పేయడం. నిజాయితీ ఉంది, కానీ మొదటి చెడు మాట తర్వాత పిల్లల చెవికి ఏదీ ఎక్కదు.

మేలైనది మూడోది: అడుగుతూ, కొంచెం కొంచెంగా. ముందు “నీ జబ్బు గురించి నీకేం తెలుసు?” అనాలి. తర్వాత “అన్నీ నీకే చెప్పమంటావా, అమ్మానాన్నలకు చెప్పమంటావా?” వద్దంటే ఆగి, కొన్నాళ్లకు మళ్లీ అడగాలి. చెప్పేది రెండు వాక్యాలు మించకూడదు: “మందు పనిచేయాలనే మా ఆశ. పనిచేయకపోతే నీకేం కావాలో కూడా తెలుసుకోవాలనుంది.” ఆపై మౌనంగా ఉండాలి, ఆ మౌనాన్ని మాటలతో నింపకూడదు. బొమ్మ వేస్తున్నప్పుడో, బండిలో వెళ్తున్నప్పుడో ఎదురెదురు చూపులుండవు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. చిన్నపిల్లలతో “నిద్రపోతావు” అనకండి, నిద్రకే భయపడతారు.

ఐసీయూకి ముందే అడగాలి, గొంతులో గొట్టం పడ్డాక వాళ్లు మాట్లాడలేరు. ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? ఇంకా సూదులు కావాలా? పక్కన ఎవరుండాలి? ఏ స్నేహితుణ్ని పిలవాలి? జవాబులు కేస్ ఫైల్లో రాయించండి. చట్టప్రకారం ముందస్తు వైద్య నిర్దేశం, అంటే తాను చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో వద్దో ముందే రాసిపెట్టే పత్రం, రాసే హక్కు 18 నిండినవారికే. దీనిపై 2018 తీర్పులో పెట్టిన పద్ధతిని సుప్రీంకోర్టు 2023లో సులభం చేసింది: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. 18 నిండనివారి విషయంలో సంతకం తల్లిదండ్రులదే. అయినా ఆ సంతకానికి ముందు బిడ్డ మాట వినడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

“నేను చచ్చిపోతానా?” అని అర్ధరాత్రి అడిగితే “ఛ, అలాంటి మాటలనకు” అనకండి. ఆ ప్రశ్న మళ్లీ మీదాకా రాదు. “ఎందుకలా అనిపించింది, కన్నా?” అని అడిగి, చెయ్యి పట్టుకుని వినండి.