గాల్ బ్లాడర్ కీహోల్ ఆపరేషన్‌లో సేఫ్టీ పద్ధతులు: అడుగు మూడో వంతు దగ్గరే తేడా (రివ్యూ)

లాపరోస్కోపీలో గాల్ బ్లాడర్ తీసేటప్పుడు అసలు భయం బైల్ డక్ట్ (పైత్యరసం పోయే గొట్టం) గురించే. సిస్టిక్ డక్ట్ (గాల్ బ్లాడర్ నుంచి వచ్చే చిన్న గొట్టం) అనుకుని కామన్ బైల్ డక్ట్‌కి (పైత్యరసాన్ని పేగుకి చేర్చే ప్రధాన గొట్టం) క్లిప్పు వేసి కోసేస్తే ఆ పేషెంటుకి స్టెంట్లు, రిపేరు సర్జరీలు తప్పవు. వెయ్యి ఆపరేషన్లకు మూడు నుంచి ఐదు దాకా ఇలా జరుగుతాయని సాధారణంగా చెప్పే లెక్క. దాన్ని ఆపడానికి వాడే పద్ధతులు చేతిలో ఎలా పనిచేస్తున్నాయో చూద్దాం.

క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ: పద్ధతికి ఐదుకు ఐదు, వాడకానికి రెండున్నర. క్లిప్పు వేసేముందు కోయబోయేది సరైనదేనని చూసి తేల్చుకునే పద్ధతికి 1995లో స్ట్రాస్‌బర్గ్ బృందం పెట్టిన పేరిది. షరతులు మూడు. క్యాలో త్రికోణంలో (సిస్టిక్ డక్ట్, కామన్ డక్ట్, లివర్ మధ్య చోటు) కొవ్వు, పీచు పూర్తిగా తీసేయాలి. గాల్ బ్లాడర్ అడుగు మూడో వంతును లివర్ నుంచి విడదీసి వెనకాల సిస్టిక్ ప్లేటు (గాల్ బ్లాడర్ ఆనుకుని ఉండే లివర్ మీది పీచు పొర) కనబడేలా చేయాలి. గాల్ బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే రెండు, సిస్టిక్ డక్ట్, దాని రక్తనాళం, కనబడాలి. కామన్ డక్ట్‌ని తవ్వి చూడనక్కర్లేదు, అసలు చూడకపోవడమే మేలు.

అడగండి, మొదటిదీ మూడోదీ ఏ సర్జనైనా టకటకా చెప్పేస్తారు. ఎగిరిపోయేది రెండోదే. రెండు గొట్టాలు కనబడగానే చెయ్యి క్లిప్ అప్లయర్ మీదికి పోతుంది. వాచిన గాల్ బ్లాడర్‌ని లివర్ నుంచి లేపితే రక్తం కారుతుంది, టైమూ పడుతుంది. అందుకే నోట్సులో 'క్రిటికల్ వ్యూ వచ్చింది' అని ఉంటుంది, వీడియో తిప్పి చూస్తే సిస్టిక్ ప్లేటు ఎక్కడా ఉండదు. నిజానికి అక్కడ వాడింది పాత పద్ధతి: గాల్ బ్లాడర్ మెడ గరాటులా సన్నబడి ఏ గొట్టంలో కలిస్తే అదే సిస్టిక్ డక్ట్ అనుకోవడం. వాపు ఎక్కువైతే కామన్ డక్ట్ వచ్చి గోడకి అతుక్కుంటుంది, అప్పుడూ అదే గరాటు కనబడుతుంది. కన్ను మోసపోయేది అక్కడే.

లాగే దిశ గురించి తక్కువ మాట్లాడతారు గానీ సగం పని దాంట్లోనే ఉంది. ఫండస్‌ని (గాల్ బ్లాడర్ మెడకి అవతలి కొస) కుడి భుజం వైపు పైకి నెట్టాలి, మెడని పేషెంటు కుడి వైపు, కిందికి లాగాలి. మెడని కూడా పైకే లాగితే సిస్టిక్ డక్ట్, కామన్ డక్ట్ ఒకే గీతలోకి వచ్చేస్తాయి. రూవియర్ గాడి (లివర్ కుడి భాగం అడుగున ఉండే చీలిక) కనబడితే కత్తి ఎప్పుడూ దానికి పైనే ఆడాలి. అది అందరికీ స్పష్టంగా ఉండదు, అప్పుడు లివర్ నాలుగో సెగ్మెంట్ అంచునే ఆనవాలుగా పట్టుకోవాలి.

డబ్లెట్ వ్యూ చవకైన పని: ముందు నుంచి ఒక ఫొటో, మెడని ఎడమకి తిప్పి వెనక నుంచి ఒకటి. ఒక్కో షరతుకి రెండేసి మార్కులు, ఆరుకి ఐదు వస్తేనే పాస్. క్లిప్పుకి ముందు ఆ అర నిమిషం ఆగడం వల్ల రెండో షరతు ఎగ్గొట్టడం కష్టమవుతుంది.

ఐ.సి.జి. (ఇండోసయనిన్ గ్రీన్, ఎక్కించాక ప్రత్యేక కెమెరాలో డక్ట్‌ని వెలిగించే రంగు) పచ్చ వెలుగు బాగుంటుంది, కానీ క్రిటికల్ వ్యూకి బదులు కాదు. మామూలుగా 2.5 మిల్లీగ్రాములు ఐ.వి.లో. ఆపరేషన్ టేబుల్ మీద ఎక్కించి వెంటనే చూస్తే లివర్ అంతా వెలిగిపోయి డక్ట్ అందులో కలిసిపోతుంది, ముందే ఇవ్వాలి. ఆ వెలుగు కణజాలంలోంచి సెంటీమీటరు లోతు కూడా దాటదు, కాబట్టి మందమైన వాపు కొవ్వు కింద, అంటే అవసరమైన చోటే, మసకబారుతుంది. అయోడిన్ అలర్జీ ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త.

అన్నిటికంటే తక్కువ మార్కులు వెనక్కి తగ్గడానికే. క్రిటికల్ వ్యూ రాకపోతే సబ్‌టోటల్: పైభాగం కోసి, రాళ్లన్నీ తీసి, మెడని వదిలేయడం. మిగిలిన మొదలు తెరిచి వదిలి డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి తెచ్చే గొట్టం) పెడితే కొన్నాళ్లు పైత్యరసం కారవచ్చు. కుట్టి మూసేస్తే కారడం తగ్గుతుంది గానీ మిగిలిన సంచిలో మళ్లీ రాళ్లు పుట్టే వీలుంది. ఓపెన్ చేయడం ఒక్కటే దారి అనుకునేవాళ్లు, గట్టిగా ముడుచుకున్న గాల్ బ్లాడర్‌ని పైనుంచి ఊడదీస్తూ ఆ ప్లేటు లోపలికి దిగిపోతే, అక్కడ కుడి హెపాటిక్ రక్తనాళాన్ని (లివర్ కుడి వైపుకి రక్తం తెచ్చేది) కూడా తెగ్గొట్టే ప్రమాదం ఉంది.