ఆర్కిడ్ పూలు వంకర తిరిగితే: పదింతల లూప్‌తో మూడేళ్ల వాడకం

నగల షాపుల్లో రాళ్లు చూసే పదింతల లూప్‌ని (చిన్న భూతద్దం) మూడేళ్లుగా ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ పూల మీద వాడుతున్నాను. ఇంట్లో రెండు కుండీలున్నా కొనదగ్గ వస్తువే. అయితే అది దేన్ని పట్టిస్తుందో, దేన్ని పట్టించలేదో తెలిసి కొనాలి.

అద్దం వెడల్పు 18 నుంచి 21 మిల్లీమీటర్లు ఉండాలి, ట్రిప్లెట్ రకమై (మూడు అద్దాలు కలిపి అతికించినది) ఉండాలి. చవక రకాల్లో అంచుల దగ్గర రంగుల చారలు కనిపిస్తాయి. రేక రంగు చెదిరిందా లేదా అని చూసే పనికి అవి అక్కరకు రావు. ముప్పైయింతలది అసలొద్దు. సెంటీమీటరు లోపలికి తెస్తేగానీ కనపడదు, మన నీడే అడ్డం పడుతుంది, చెయ్యి కాస్త వణికితే చూస్తున్న చోటు తప్పిపోతుంది. పదింతలదానికి రెండున్నర సెంటీమీటర్ల దూరం సరిపోతుంది. లూప్‌ని కంటికి దాదాపు ఆనించి, పూకాడను మెల్లగా దానివైపు వంచుకోవాలి. చాలామంది లూప్‌ని పూవు దగ్గర పెట్టి తల దూరంగా ఉంచుతారు, అందుకే ఏమీ కనపడలేదంటారు. లైటు ఉన్న రకమైతే వానాకాలంలో బటన్ సెల్స్ తీసేయండి, చిలుము పడుతుంది.

ముందు బాగున్న పూవును చూడటం అలవాటు చేసుకోవాలి. రేక మీద చక్కెర పలుకుల్లా మెరిసే సన్నటి బుడిపెలు కనిపిస్తాయి. అవి రేక కణాలే. వాటిని పురుగు గుడ్లనుకుని మందు కొట్టి పూలు పాడుచేసుకుంటారు. కాడ మీద, మొగ్గ వెనక తేనెబొట్టులా నిలిచే జిగురు కూడా అంతే. చుట్టుపక్కల పిండినల్లి, పేనుబంక లేకపోతే అది మొక్క తనంతట తాను వదిలిందే. తడిబట్టతో తుడిస్తే చాలు.

లూప్ డబ్బులు వసూలయ్యేది రసం పీల్చే తామర పురుగుల (త్రిప్స్) దగ్గర. మొగ్గ ఒకవైపు వంగి విచ్చుకోవడం, రేక మీద వెండిరంగు గీతలు, అంచులు గోధుమరంగుకు తిరగడం వాటి పనే. గీత మీద లూప్ పెడితే రసం పోయి ఉత్త డొల్లలైన కణాలు, పక్కనే నల్లటి రెట్ట చుక్కలు కనిపిస్తాయి. పురుగు ఒకటి రెండు మిల్లీమీటర్లే, పెదవి (పూవు మధ్యలో వేరే ఆకారంలో ఉండే రేక) మడతలో దాక్కుంటుంది. పూవు కింద తెల్ల కాగితం పట్టి నాలుగుసార్లు తట్టండి, కదిలే సన్నటి గీతల్లా రాలతాయి. 2021లో గుంటూరు, ఖమ్మం మిర్చిని ముంచింది కూడా తామర పురుగే. బాల్కనీలో మిరప కుండీ ఉంటే దాని పూలూ దులిపి చూడండి.

దెబ్బతిన్న పూలు, మొగ్గలు కోసి కవర్లో మూటకట్టి పారేయండి. జాలిపడి ఉంచితే కొత్త మొగ్గలకు ఎక్కుతాయి. మందుకైతే లీటరు గోరువెచ్చటి నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల గిన్నెల సబ్బు ద్రవం. నూనెను ముందు సబ్బులో కలిపాకే నీళ్లు పోయాలి, లేకపోతే తేలిపోతుంది. సాయంత్రం ఆకులకు, కాడకు కొట్టండి, విచ్చిన పూల మీద వద్దు, మరకలు పడతాయి. ఆరు రోజులకోసారి చొప్పున మూడుసార్లు తప్పదు. గుడ్లు రేకల లోపల, ప్యూపాలు (పురుగుగా మారే ముందు దశ) కుండీలో నింపిన బెరడు ముక్కల్లో ఉంటాయి, ఒక్కసారి కొట్టిన మందు వాటికి తగలదు.

లూప్‌లో గీతలు, రెట్ట, పురుగు ఏవీ లేకపోతే దాన్ని పక్కన పెట్టి కాడ మొత్తం చూడాలి. ఒకటి రెండు పూలే కొసలు అతుక్కుని నలిగినట్టు విచ్చుకుని, తర్వాతివి బాగుంటే అది పొడిగాలి వల్ల. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఇది మామూలే. నలిగిన పూవు మళ్లీ సాపు కాదు, కుండీ చోటు మారిస్తే మిగతా మొగ్గలు దక్కుతాయి. ప్రతి పూవులోనూ పక్కరేకలు పెదవిలా మారితే అది పెలోరియా, టిష్యూ కల్చర్ (ల్యాబులో కణజాలం నుంచి పెంచిన) మొక్కల్లో వస్తుంటుంది, తెగులు కాదు. కాడ మీది పూలన్నీ ఒక్కసారి వడలితే దగ్గర్లో మామిడి పళ్లు మాగేశారేమో చూడండి, ఎథిలీన్ వాయువు పూలను ముసలి చేస్తుంది. ఒక్క పూవే వడలితే మధ్య స్తంభం కొసన పుప్పొడి టోపీ ఉందో లేదో లూప్‌తో చూడండి. అది ఊడితే పూవుకు కొద్ది రోజులే.

వైరస్ దగ్గర మాత్రం లూప్ చేతులెత్తేస్తుంది. రంగు తెగి చారలుగా మారడం, విచ్చిన వారానికో పది రోజులకో గోధుమరంగు గీతలు పడటం అనుమానించాల్సిన గుర్తులు. సింబీడియం మొజాయిక్, ఒడొంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్, ఈ రెండు వైరస్‌లకూ మందు లేదు, టెస్ట్ స్ట్రిప్‌తోనే తేలుతుంది. అనుమానమొచ్చిన కుండీని విడిగా పెట్టి, కాడ కోసే బ్లేడును ప్రతి మొక్కకూ ముందు మంట మీద కాల్చండి. స్పిరిట్‌తో తుడిచి సరిపెట్టకండి, ఒడొంటోగ్లోసమ్ వైరస్‌కి అది చాలదు. ఆ మొక్క రసం లూప్ ఫ్రేముకు అంటితే సబ్బునీళ్లతో కడిగాకే పక్క కుండీ దగ్గరకు వెళ్లండి.