తొమ్మిదో తరగతి పిల్లల కోసం కొన్న డిజిటల్ బారోమీటర్

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర సైన్స్ సామాన్లమ్మే అంగట్లో డిసెంబరులో తీసుకున్నాను, 1,450 రూపాయలు. గాలి పీడనం కొలిచే ఈ మిషన్ అరచేతిలో పట్టేంత ఉంటుంది. పాదరసం నింపిన గాజు గొట్టం పిల్లల చేతికివ్వాలంటే నాకు భయం, అందుకే ఇది.

మొదటి రోజే వెనక బెంచీ పిల్లాడు లేచి, "మేడం, పుస్తకంలో 76 సెంటీమీటర్లని ఉంది, ఇదేమో 731 మిల్లీమీటర్లు చూపిస్తోంది. పాడైపోయిన మిషన్ అంటగట్టినారు మీకు" అన్నాడు. మిషన్ బాగానే ఉంది. గాలి పీడనం గొట్టంలో పాదరసాన్ని నిలబెట్టే ఎత్తే ఈ అంకె; 760 మిల్లీమీటర్లు సముద్ర మట్టం దగ్గరి లెక్క. మన ఊరు అంతకంటే 300 మీటర్లకు పైనే ఎత్తులో ఉంది. సుమారు తొమ్మిది మీటర్లు ఎక్కితే పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనానికే ఇంకో కొలత) తగ్గుతుంది. బటన్ నొక్కి హెక్టోపాస్కల్‌కి మారిస్తే 974.8 వచ్చింది. వాడినే బోర్డు దగ్గరికి పిలిచాను. సముద్ర మట్టం దగ్గరి 760 మిల్లీమీటర్లంటే 1013.25 హెక్టోపాస్కల్‌లు; 1013.25ని 760తో భాగిస్తే 1.333. ఆ 1.333తో 974.8ని భాగిస్తే 731. వాడి మొహం వెలిగిపోయింది. నాకు డబ్బులు ఆ రోజే గిట్టుబాటయ్యాయి.

సంక్రాంతికి కడపలో అక్క వాళ్లింటికి పోతూ దీన్ని కూడా బ్యాగులో వేసుకున్నాను. పొద్దున ఇంట్లో 975.1. కడప మనకంటే దాదాపు 200 మీటర్లు కింద. మధ్యాహ్నం బస్సు దిగి చూస్తే 996.4! బస్టాండులోనే ఫొటో తీసి పిల్లల కోసం దాచాను.

ఒక్క విషయంలో మాత్రం బాధపడ్డాను. పాదరసం అంగుళాల్లో పెడితే దశాంశం తర్వాత ఒక్క అంకే చూపిస్తుంది. 0.1 అంగుళం అంటే దాదాపు 3.4 హెక్టోపాస్కల్‌లు. మన వైపు రోజూ ఉదయం పదింటికి ఎక్కి, సాయంత్రం నాలుగింటికి దిగే పీడనంలో తేడా మొత్తం మూడు, నాలుగే. పిల్లలు రోజంతా గంటగంటకూ రాసుకుంటే పేజీ నిండా 28.8, 28.8. వాళ్ల శ్రమ అంతా వృథా అయింది. మర్నాడు హెక్టోపాస్కల్‌లో రాయిస్తే పదింటికి 976.9, నాలుగింటికి 973.7.

కొనే టీచర్లకు ఒక మాట. ఇందులో 'సీ లెవెల్' అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే సముద్ర మట్టానికి సవరించిన అంకె వస్తుంది, వాతావరణ మ్యాపుల్లో వేసేది అదే. క్లాసులో మాత్రం ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, లేదంటే అనంతపురానికీ కడపకూ తేడానే కనిపించదు.