ఓడలో ఓషన్‌వ్యూ గది: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

శ్రీకాకుళం నుంచి విశాఖ రేవు 110 కిలోమీటర్లు, విజయనగరం నుంచి 60 లోపే. 2022 జూన్‌లో కార్డీలియా అనే విహార ఓడల కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికుల్ని తీసుకెళ్లింది. 2023లో రేవులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. దాంతో మన జిల్లాల్లో ఇంటిల్లిపాదీ ఓడెక్కే ఆలోచన మొదలైంది. బుకింగ్ దగ్గర అందరూ ఆగేది ఒక్కచోటే: కిటికీ లేని లోపలి గది చాలా, ఇంకొంచెం పెట్టి సముద్రం వైపు కిటికీ ఉన్న ఓషన్‌వ్యూ తీసుకోవాలా?

మా మాట ఇది. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే ఓషన్‌వ్యూ తీసుకోండి. కానీ అది ఓడ నడిమధ్యలో, కింది డెక్కుల్లో (అంతస్తుల్లో) ఉండాలి, కిటికీకి ఏదీ అడ్డు ఉండకూడదు. అలాంటిది దొరక్కపోతే లోపలి గదే మేలు. అడ్డున్న కిటికీకి డబ్బు పోయొద్దు.

ముందు ఒక సంగతి: ఓషన్‌వ్యూ కిటికీ తెరుచుకోదు. బిగించేసిన మందపాటి అద్దం అది. కింది డెక్కుల్లో గుండ్రంగా, పైకి వెళ్లేకొద్దీ చదరంగా, పెద్దగా ఉంటుంది. గాలి తగలాలంటే బాల్కనీ గదే దారి, దాని ధర వేరు. అద్దం మీద ఉప్పు పేరుకుని ఫొటోలు మసకగా వస్తాయి. సముద్రం బాగా పోటుగా ఉంటే కింది డెక్కుల కిటికీలకు సిబ్బంది ఇనుప మూతలు బిగిస్తారు, అవి తీసేదాకా గది చీకటే. అయినా ఓషన్‌వ్యూ ఎందుకంటే, పగటి వెలుగు కోసం, దిక్చక్రం కోసం, అంటే ఆకాశం సముద్రం కలిసినట్టు కనిపించే గీత కోసం. కళ్లు తిరిగినప్పుడు కదలని గీత మీద చూపు నిలిపితే చాలామందికి కడుపులో తిప్పడం తగ్గుతుంది. లోపలి గదిలో లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు. చంటిపిల్లల నిద్రకి అది లాభమే కానీ, రాత్రుళ్లు రెండు మూడుసార్లు లేచే మామ్మ, తాతయ్యలకి ఇబ్బంది.

ఎక్కువమంది దెబ్బతినేది అడ్డు దగ్గరే. ఓడకి రెండు పక్కలా లైఫ్‌బోట్లు వేలాడుతుంటాయి. అవి ఉన్న డెక్కులోనో, దాని పైడెక్కులోనో గది పడితే కిటికీ నిండా నారింజ రంగు పడవ పొట్ట తప్ప సముద్రం కనిపించదు. కొన్నిచోట్ల కిటికీ ముందే జనం నడిచే దారి ఉంటుంది, పగలంతా తెర వేసుకునే కూర్చోవాలి. బుకింగ్‌లో 'అబ్‌స్ట్రక్టెడ్' అనో 'పార్షియల్ వ్యూ' అనో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 'గ్యారంటీ' అని తక్కువ ధరకి ఇచ్చేదాంట్లో గది నంబరు మీ చేతిలో ఉండదు, మిగిలింది కంపెనీ ఇస్తుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఆ తగ్గింపు జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఏజెంటుని డెక్ ప్లాన్, అంటే ఓడలో ఏ అంతస్తులో ఏముందో చూపే పటం, పంపమనండి, గది నంబరు దాని మీద వేలు పెట్టి చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

అదే ప్లాన్‌లో మీ గదికి పైన ఏముంది, కింద ఏముంది అన్నదీ చూడాలి. పైన ఈతకొలను ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటరో డాన్స్ హాలో ఉంటే అర్ధరాత్రి దాకా మంచం అదురుతుంది. పైనా కిందా గదులే ఉన్న డెక్ ప్రశాంతం. ప్లాన్‌లో పేరేమీ రాయకుండా తెల్లగా వదిలేసిన చోట వంటశాలో సిబ్బంది దారో ఉండొచ్చు, దాని పక్క గది వద్దు.

ఊపు విషయానికొస్తే, ఆర్టీసీ బస్సులో చివరి సీటు ఎగిరినంతగా మధ్య సీటు ఎగరదు కదా, ఓడా అంతే. కెరటానికి ముక్కు లేచి పడుతుంది, వెనక ప్రొపెల్లర్ల అదురు, మధ్యలో రెండూ తక్కువ. ఎత్తుకి వెళ్లేకొద్దీ పక్కలకి ఊగడం పెరుగుతుంది. ముందు భాగం కింది గదుల్లో ఇంకో బాధ ఉంది. పుదుచ్చేరిలో పెద్ద ఓడ ఒడ్డుకి ఆనదు, దూరాన లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతారు. తెల్లారగట్ల ఆ గదుల దగ్గరే లంగరు గొలుసు జారే మోతకి నిద్రపోయేవాళ్లు ఉండరు. దసరా సెలవులకి ప్రయాణం పెట్టుకుంటే అది తుపాన్ల కాలమని గుర్తుంచుకోండి. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11నే. ఆ నెలల్లో ఓడ ఏదైనా రేవులో ఆగకుండానే వెళ్లిపోవచ్చు, నడిమధ్య గది విలువ అప్పుడే తెలుస్తుంది.

ఇక పడకలు. నలుగురి గది అంటే కింద రెండు పడకలు, గోడలోంచి మడత విప్పే పై బెర్తులు రెండు. నిచ్చెన దించితే నడిచే జాగా దాదాపు ఉండదు. పెట్టెలు తెరిచి పరచలేం, సర్ది మంచం కిందికి తోసేయాలి. ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. ఆ కాలపు గదులు కొత్త ఓడల గదుల కన్నా ఇరుకు. ఆరేళ్ల లోపు పిల్లల్ని పై బెర్త్‌లో పడుకోబెట్టకండి. చంటిబిడ్డకి తొట్టి కావాలంటే బుకింగ్‌లోనే అడగాలి, అది వేశాక గదిలో నలుగురు పడతారా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. గదిలో జాగా ఉన్నా నాలుగో మనిషిని సిస్టమ్ తీసుకోకపోతే కారణం లైఫ్‌బోటు లెక్క. ఆ గదులకి కేటాయించిన పడవలో సీట్లు నిండిపోయి ఉంటాయి. అందుకే ఆలస్యంగా బుక్ చేసే నలుగురి కుటుంబానికి గది దొరకడం కష్టం.

పెద్దవాళ్లతో కలిసి ఆరుగురైతే రెండు ఓషన్‌వ్యూలు అక్కర్లేదు. పెద్దవాళ్లకి ఓషన్‌వ్యూ, నడవాకి ఎదురుగా లోపలి గది మిగతా నలుగురికి: ఖర్చు తగ్గుతుంది, పగలు అందరూ కిటికీ గదిలోనే ఉంటారు. రెండు గదుల మధ్య తలుపున్న కనెక్టింగ్ గదులు సొంతవాళ్లు పక్కనుంటేనే హాయి. పక్కన తెలియనివాళ్లుంటే ఆ తలుపు సందులోంచి వాళ్ల మాటలన్నీ వినాలి.

విశాఖ నుంచి దక్షిణానికి వెళ్లే ఓడలో తీరం, సూర్యాస్తమయం కుడివైపు, సూర్యోదయం ఎడమవైపు. అయితే ఓడ ఒడ్డుకి దూరంగా వెళ్తుంది కాబట్టి తీరం ఆశ పెట్టుకోకండి. పొద్దున్నే లేచేవాళ్లు ఎడమ తీసుకోండి.

ధర చూసేటప్పుడు, చూపించేది ఇద్దరు ఉండే గదిలో ఒక్కొక్కరికి. రేవు రుసుము, సేవా రుసుము, జీఎస్టీ కలిపి ఇంటిల్లిపాదికీ ఎంతో రాయించుకుని అప్పుడు లోపలి గదితో పోల్చండి.

ఇస్త్రీపెట్టె, కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే స్కానింగ్‌లో ఆపేస్తారు. అన్ని దేశాల పిన్నులకీ సరిపడే అడాప్టర్ ఒకటి సరిపోతుంది. గోడలు ఎక్కువగా ఇనుమే కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు పెట్టుకుంటే తడి తువ్వాళ్లకి చోటు దొరుకుతుంది.

గదిలోకి వెళ్లగానే సామాను విప్పకముందే పై బెర్తు కొక్కెం, కనెక్టింగ్ తలుపు తాళం, కమోడ్ ఫ్లష్, ఏసీ చూడండి. తేడా ఉంటే ఓడ కదలకముందే రిసెప్షన్‌కి చెప్పండి. ఖాళీ గది ఏదైనా ఉంటే ముందు అడిగినవాళ్లకే ఇస్తారు.