టుర్టియేర్ కోసం టెండర్‌ఫ్లేక్ పందికొవ్వు: డబ్బు పెట్టాల్సింది దీనిమీదే

నవంబరు చివరికల్లా ఇక్కడ కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్ సూపర్‌మార్కెట్లలో ఒక వరుస మొత్తం టుర్టియేర్ సరంజామాతో నిండిపోతుంది. ఫ్రీజర్‌లో రెడీమేడ్‌వి, పక్కనే విడిగా క్రస్ట్‌లు (మైదా పిండి పొరలు), టుర్టియేర్ మసాలా అని రాసిన చిన్న సీసాలు, పంది ఖీమా మీద ఆఫర్లు. క్రిస్మస్ ముందు రాత్రి చర్చిలో అర్ధరాత్రి ప్రార్థన అయ్యాక క్యుబెక్ కుటుంబాలు చేసుకునే విందులో ఇది ఉండాల్సిందే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: ఉల్లిపాయ, లవంగం, దాల్చినచెక్కతో ఉడికించిన పంది ఖీమాని కిందొకటి పైనొకటి మైదా పొరల మధ్య పెట్టి ఓవెన్‌లో కాల్చేదే టుర్టియేర్.

ఇంట్లో చేసుకోవాలంటే ఆ సరంజామాలో కొనాల్సింది నా లెక్కలో ఒక్కటే, అదీ ఎవరూ అలంకరించి ముందు పెట్టనిది: టెండర్‌ఫ్లేక్ పందికొవ్వు, 454 గ్రాముల డబ్బా.

మన ఇళ్లలో పోర్క్ తినేవాళ్లు కూడా కొవ్వు డబ్బా అనేసరికి మొహం తిప్పుకుంటారు. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్‌లో చూసి "ఇంట్లో బటర్ ఉండగా ఇదెందుకండీ?" అంది. న్యాయమైన ప్రశ్నే. బటర్‌లో కొవ్వు 80 శాతం దగ్గర ఉంటుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. ఆ నీరు మైదాకి తగిలితే పిండి సాగుతుంది, సాగిన పిండి కాలాక గట్టిపడుతుంది. పందికొవ్వులో ఆ నీరు లేదు. పైగా చేతి వేడికి బటర్‌లా చప్పున కరగదు కాబట్టి చిన్న చిన్న ముక్కలుగానే పిండిలో ఉండిపోతుంది. ఓవెన్‌లో ఆ ముక్కలు కరిగిన చోటల్లా పొర విడుతుంది. అందుకే క్రస్ట్ విరిస్తే మడత కాజాలాగా పొరలు పొరలుగా రాలుతుంది. వాసన సంగతికొస్తే, తెల్లగా, నున్నగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకున్నా పంది వాసన రాదు. క్రస్ట్‌లో అసలే తెలియదు.

డబ్బాతో పాటు వచ్చే రెసిపీ చాలా ఏళ్లుగా ఇక్కడి ఇళ్లలో చెలామణీలో ఉన్నదే. అయిదున్నర కప్పుల మైదా, 2 టీస్పూన్ల ఉప్పు, డబ్బాలో ఉన్న కొవ్వు మొత్తం. కొలత కప్పులో 1 టేబుల్‌స్పూన్ వెనిగర్, గిలక్కొట్టిన 1 గుడ్డు వేసి, అది ఒక కప్పు అయ్యేదాకా చన్నీళ్లు పోయాలి. మైదాలో కొవ్వుని ఫోర్క్‌తో నలుపుతూ బఠాణీ గింజంత ముక్కలు మిగిలేటప్పుడు ఆపి, ఈ నీళ్లు కొద్దికొద్దిగా చల్లుకుంటూ రావాలి. ముద్దగా కూడితే చాలు, కప్పు మొత్తం పొయ్యాలని లేదు. చపాతీ పిండి పిసికే అలవాటున్న చేతులు ఇక్కడే ఊరుకోవు. ఊరుకోవాలి. ఎంత పిసికితే అంత గట్టిపడుతుంది. ఈ కొలతకి పైన, కింద పొరలతో మూడు టుర్టియేర్‌లకి సరిపడా పిండి వస్తుంది. మిగిలింది చుట్టలుగా చేసి ఫ్రీజర్‌లో పడేయచ్చు.

ఇక మసాలా సీసా. కంపెనీ పేరెందుకులెండి, నేను తెచ్చినదాంట్లో లవంగం తప్ప ఇంకేమీ తెలియలేదు, అదీ పాతబడి నాలుక మీద చేదు మిగిల్చే లవంగం. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ ఎప్పుడూ ఉండే వంటింట్లోకి ఆ సీసా ఎందుకసలు? అరకిలో ఖీమాకి పావు టీస్పూన్ లవంగం పొడి, పావు టీస్పూన్ దాల్చినచెక్క పొడి, కాస్త జాజికాయ, మిరియాలు చాలు. అప్పటికప్పుడు దంచితే వాసన ఇల్లంతా చెబుతుంది. మనకి లేనిది ఒక్కటే, సారియెట్ అనే ఎండు ఆకు. క్యుబెక్ వంటకి ఆ ఘాటు కావాలి, అది మాత్రం విడిగా కొనండి. ధనియాలు, గరం మసాలా వైపు చెయ్యి పోనివ్వకండి, అప్పుడది కర్రీ పఫ్ అవుతుంది. అదీ మంచిదే, కానీ దానికోసం ఇంత శ్రమ అక్కర్లేదు.

ఫ్రీజర్‌లోవి కొనేవాళ్లకి ఒక మాట: లేబుల్ చదవండి. పందితో పాటు దూడ మాంసమో బీఫో కలపడం ఇక్కడ మామూలే. బీఫ్ తినని ఇళ్లలో ఇంట్లో చేసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు, ఉత్త పోర్క్‌తో చేసినదీ సిసలైన టుర్టియేరే. నేను తిన్న రెడీమేడ్ దాంట్లో అడుగు పొర తడిసి అట్టముక్కలా ఉంది, కాబట్టి ఆ రుచి గురించి ఇంకేం చెప్పను.

వండే పద్ధతిలో మనకి కొత్తగా అనిపించేది, ఖీమాని నూనెలో వేయించరు. గిన్నెలో ఖీమా, సన్నగా తరిగిన ఉల్లిపాయ, అరకప్పు నీళ్లు, మసాలా అన్నీ ఒకేసారి వేసి చిన్న మంట మీద అరగంట పైనే ఉడకనిస్తారు. మధ్యమధ్యలో గరిటెతో ఉండలు చిదుముతూ ఉండాలి. ఆఖర్న ఉడికించి మెదిపిన ఒక బంగాళాదుంప కలిపితే మిగిలిన తడి పీల్చుకుని కూర దగ్గరపడుతుంది. ఇది పూర్తిగా చల్లారాకే పిండిలో పెట్టాలి. వేడిగా పెడితే పిండిలోని కొవ్వు ఓవెన్ దాకా ఆగకుండా అక్కడే కరిగిపోతుంది, ఇంత మంచి కొవ్వు కొన్నదీ దండగే. పై పొర మీద ఆవిరి పోయేలా గాట్లు పెట్టి, గుడ్డు రాసి, ముందు 425 ఫారెన్‌హీట్‌లో పావుగంట, తర్వాత 350కి తగ్గించి రంగు తేలేదాకా ఉంచండి.

మా ఆఫీసులో క్యుబెక్‌లోనే ఉన్న సాగ్నే ప్రాంతం నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. వాళ్ల వైపు టుర్టియేర్ వేరే జాతి: లోతైన గిన్నెలో ఖీమా బదులు మాంసం ముక్కలు, బంగాళాదుంప ముక్కలు నింపి గంటల తరబడి సన్న సెగన కాలుస్తారు. మాంట్రియల్ రకాన్ని ఆవిడ టుర్టియేర్ కింద లెక్కపెట్టదు. అలాంటి మనిషి నా లంచ్ డబ్బాలోంచి రెండో ముక్క తీసుకుంటూ, లోపలి ఖీమా సంగతి వదిలేసి "పిండి ఎవరు కలిపారు?" అని అడిగింది. టెండర్‌ఫ్లేక్‌కి నేనిచ్చే మార్కులు అక్కడే ఖాయమయ్యాయి.

శాకాహారులకి ఈ డబ్బా పనికిరాదు, వెజిటబుల్ షార్టెనింగ్‌తో (మన డాల్డా లాంటిది) అదే కొలత నడుస్తుంది, పొరలు కొంచెం తగ్గుతాయంతే. కొనేటప్పుడు బటర్ ఉండే ఫ్రిజ్ దగ్గర కనబడకపోతే మైదా, బేకింగ్ సామాన్ల వరుసలో వెతకండి. ఫ్రెంచ్‌లో దీన్ని 'సాన్‌డూ' అంటారు, షాపువాళ్లని అలా అడిగితే తొందరగా చూపిస్తారు. నంచుకోవడానికి టొమాటో, యాపిల్, పియర్ పళ్లతో చేసే క్యుబెక్ ఫ్రూట్ కెచప్ ఒక సీసా తెచ్చుకోండి. మా ఇంట్లో మాత్రం ఆవకాయే గెలిచింది.