శంఖుపుష్పం టీ: కప్పులో కంటే వంటింట్లోనే ఎక్కువ ఉపయోగం

శంఖుపుష్పం టీని రుచి కోసం కొనేవారికి నిరాశ తప్పదు. రంగు కోసం కొనేవారికి మాత్రం పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం జరుగుతుంది. రెండు వానాకాలాలు దాటేదాకా ఇంట్లో వాడిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయమిది. మొదట్లో ప్యాకెట్లలో వచ్చే ఎండు పూలు తెప్పించుకునేవాళ్లం. ఇప్పుడు బాల్కనీ గ్రిల్లుకు అల్లుకున్న తీగ పూలనే ఎక్కువగా వాడుతున్నాం.

కప్పు వేడినీళ్లలో ఐదారు ఎండు పూలు వేసి ఐదు నిమిషాలు మూతపెడితే చిక్కని నీలం దిగుతుంది. రుచి మాత్రం బాగా పలచన. చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క కనుక కాబోలు, చిక్కుడుకాయలు ఉడికించి వార్చిన నీళ్ల వంటి పచ్చివాసన లీలగా తగులుతుంది. ఎండబెట్టే ముందే పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చని తొడిమను గిల్లేస్తే ఆ వాసన చాలావరకు పోతుంది. దంచిన అల్లమో, నిమ్మగడ్డో పడితే గానీ తాగబుద్ధి కాదు. కెఫీన్ లేనందువల్ల రాత్రి భోజనం తరువాత తాగినా నిద్రకు ఇబ్బంది లేదు గానీ, సాయంత్రం నాలుగింటికి ఇరానీ చాయ్ కోరే నాలుకను దీనితో సముదాయించడం అయ్యే పని కాదు.

హైదరాబాద్‌లో వాడేవారు నీటి సంగతి ముందుగా చూసుకోవాలి. ఈ పూలకు రంగునిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థాలు పులుపు తగిలితే ఊదాకు, పులుపు మరీ ఎక్కువైతే గులాబీకి, క్షారం తగిలితే ఆకుపచ్చకు తిరుగుతాయి. అందువల్లనే మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లతో కాచిన రోజున నీలం మసకబారి కాస్త పచ్చదనం వైపు మొగ్గుతుంది. కుళాయికి వచ్చే మంజీరా నది నీళ్లతో కాచితే అవే పూలు తేటైన నీలాన్నిస్తాయి.

థాయ్‌లాండ్‌లో దీనిని నిమ్మరసం, తేనె కలిపి చల్లగా తాగుతారు. మలేషియాలోని కెలంతన్‌లో నాసి కెరాబు అనే అన్నానికి నీలం రంగు ఈ పూలతోనే వస్తుంది. మన వంటల్లో దీనికి బాగా కుదిరింది నిమ్మకాయ పులిహోర. పసుపు పడితే అన్నం ఆకుపచ్చగా మారుతుంది కాబట్టి దానిని పూర్తిగా మానేసి, ఎసరులో పూల నీళ్లే పోసి వండి, అన్నం పళ్లెంలో ఆరిన తరువాత పోపు కలిపి, నిమ్మరసం చివరలో పిండాలి. రసం పడిన చోటల్లా నీలి మెతుకులు అప్పటికప్పుడు ఊదాగా మారతాయి; కలిపేదాకా పళ్లెంలో రెండు రంగులూ పక్కపక్కనే ఉంటాయి, పిల్లలున్న ఇంట్లో ఆ కలిపే పని పెద్దల చేతికి రాదు. చింతపండు పులిహోరకు మాత్రం ఇది దండగ, గుజ్జు రంగు దీనిని పూర్తిగా కమ్మేస్తుంది. దద్దోజనం లేత ఊదాలో అందంగానే ఉంటుంది. ఇడ్లీలు పులిసిన పిండి వల్ల బూడిద రంగుకు దిగి, చూడగానే ఆకలి చంపేస్తాయి. కొబ్బరిపాలు పోసిన సగ్గుబియ్యం పాయసం అన్నిటికంటే మేలు, అయితే అందులో పంచదారే వేయాలి. బెల్లం వేస్తే బురద రంగు వస్తుంది.

బరువు తగ్గుతారని, జ్ఞాపకశక్తి పెరుగుతుందని ప్యాకెట్ల మీద రాస్తుంటారు. ఇంతకాలం వాడినా నాకు అటువంటి తేడా ఏదీ కనిపించలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2021లో ఈ పూల సారాన్ని అనుమతించింది ఆహారానికి వేసే రంగుగానే. గర్భిణులు మాత్రం వైద్యులను అడగకుండా దీని జోలికి వెళ్లకపోవడం మంచిది.

వానాకాలంలో తేమ తగిలితే ఎండు పూలు మెత్తబడి గోధుమ రంగుకు తిరుగుతాయి, అటువంటి వాటి నుంచి రంగు సరిగా దిగదు. నీడలో గలగలలాడేలా ఎండబెట్టి, గాజు సీసాలో వెలుతురు తగలని అరలో ఉంచితే నెలల తరబడి నిలుస్తాయి. కొనేటట్లయితే రేకులు విరగకుండా ముదురు నీలంలో ఉన్న చిన్న ప్యాకెట్టే తీసుకోవాలి. పెద్దది చవకగా కనిపించినా, అది అయిపోయేలోపే అడుగున ఉన్న పూలు వెలిసిపోతాయి.