సెలవులకు విశాఖా, చెన్నయా?

పొద్దున్నే ఆరు ప్రాంతంలో బెజవాడ స్టేషన్‌కి వెళ్తే రెండు రైళ్లు దొరుకుతాయి. విశాఖకు రత్నాచల్, చెన్నైకి పినాకిని. రెండూ మధ్యాహ్నం భోజనాల వేళకు దింపేస్తాయి. చెన్నై కాస్త దూరం ఎక్కువైనా ప్రయాణంలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి తేల్చుకోవాల్సింది దిగాక ఏం చూస్తామన్నదే.

ముందే ఒక మాట. సముద్రంలో కాళ్లు తడుపుకోవడమే పని అయితే ఈ రెండూ అక్కర్లేదు. గుంటూరు వాళ్లకు సూర్యలంక, మనకు మంగినపూడి ఉన్నాయి, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. పైగా ఆర్కే బీచ్‌లోనూ మెరీనాలోనూ స్నానం ప్రమాదమే. చూడటానికైతే విశాఖ సముద్రానికి సాటి లేదు. కైలాసగిరి మీద నిలబడితే కొండా నీళ్లూ ఒకేసారి కనిపిస్తాయి. మెరీనాలో ఇసుక దాటి నీళ్ల దగ్గరికి చేరేసరికే కాళ్లు పీకుతాయి.

పిల్లలున్న ఇంటికి నా ఓటు విశాఖకే. 1971 యుద్ధకాలంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామి లోపలికి దూరి చూడటం వాళ్లు మర్చిపోరు. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది. కురుసురకు సోమవారం సెలవు. లోపల దారులు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఆ పూట సింహాచలం పంపడం మేలు. చందనం ఒలిచిన అప్పన్న నిజరూప దర్శనమే కావాలంటే మాత్రం అక్షయ తృతీయ నాటి రద్దీకి సిద్ధపడాలి. అరకుకు విడిగా ఒక రోజు ఉంచుకోండి. సొరంగాల మధ్య వెళ్లే రైల్లో ఎక్కి, తిరుగు ప్రయాణం రోడ్డు మీద పెట్టుకుంటే బొర్రా గుహలు కూడా కలిసొస్తాయి. వలిసె పూలు విరిసే నవంబరు, డిసెంబరు నెలలకు మించిన సమయం లేదు. అరకు తీసేస్తే విశాఖ రెండు రోజుల్లో అయిపోతుంది.

చెన్నై అలా అయిపోదు. అక్కడ చూడాల్సిన వాటిలో మొదటిది మన పక్క ఊరిదే కావడం విచిత్రం. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ఒక గ్యాలరీయే ఉంది. మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం చుట్టూ ఒకప్పుడు నిలిచిన సున్నపురాతి పలకలు, వాటి మీద బుద్ధుడి పూర్వజన్మల జాతక కథలు, పద్మాలు. అమరావతికి కూతవేటు దూరంలో పుట్టిన మనం వాటిని చూడాలంటే పినాకిని ఎక్కాలి! కొన్నయితే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వాటికి పినాకిని కూడా వెళ్లదు. ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే ఎగ్మోర్ పక్క స్టేషనే.

మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి చూసినవాళ్లు పొట్టి శ్రీరాములు స్మారక భవనాన్ని వదిలేస్తుంటారు. ఆయన 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లది. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. టీ నగర్ చీరల కొట్లకు పెట్టే టైములో పదోవంతు దీనికి చాలు.

డిసెంబరు రెండో సగంలో వెళ్తే కర్ణాటక సంగీత కచేరీల సీజన్. మధ్యాహ్నం కచేరీలు చాలా చోట్ల ఉచితం, కచేరీలు నడిపే సభల క్యాంటీన్లలో టిఫిన్ కోసమే వచ్చేవాళ్లూ ఉంటారు. వేదిక మీద త్యాగయ్య తెలుగు బాగా వినిపిస్తుంది. విశాఖలో ఇంత తెలుగు పాట ఒక్క నెలలో దొరకదని నా అభిప్రాయం, విశాఖ వాళ్లు కోప్పడినా సరే. మహాబలిపురం కూడా చూడాలంటే ఇంకో రోజు కలుపుకోండి.

పిల్లలూ పెద్దలూ కలిసి నలుగురైదుగురు బయల్దేరుతుంటే రత్నాచల్ ఎక్కండి. పాట మీదో పాత రాళ్ల మీదో ఇష్టమున్న ఇద్దరే వెళ్తుంటే పినాకిని. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం చెన్నై వద్దు, ఈశాన్య రుతుపవనాల వానలకు వీధులు మునుగుతాయి.